నలభై ఐదు దాటాక మళ్లీ పని వెతుక్కోవడం: మన కార్మికులకు ఉన్న దారులు

సోలాపూర్ తూర్పు పేటల తెలుగువాళ్లకు రెండే పనులు వచ్చని బయటివాళ్లు అంటుంటారు. మగవాళ్లకు కార్ఖానా, ఆడవాళ్లకు బీడీ. ఈ మాటలో కొంత ఎగతాళి ఉన్నా చాలావరకు నిజమే. కరీంనగర్, మహబూబ్‌నగర్, నల్లగొండ, మెదక్ వైపుల నుంచి మన తాతలు ఇక్కడికి వచ్చింది మగ్గాన్ని నమ్ముకునే. 1877లో మొదలైన జూనీ మిల్లు, ఆ తర్వాత వచ్చిన నర్సింగ్ గిర్జీ, విష్ణు, లక్ష్మీ మిల్లులు వాళ్లకు అన్నం పెట్టాయి. ఆ మిల్లులన్నీ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మిల్లు పోయినవాళ్లు గల్లీల్లోని పవర్‌లూమ్ కార్ఖానాలకు వెళ్లి చాదర్లు, టవళ్లు నేశారు. ఇప్పుడు ఆ కార్ఖానాల్లోనూ పాత మగ్గాలు తగ్గి రేపియర్ మగ్గాలు వస్తున్నాయి. పాత మగ్గాలకు కావలసినంతమంది మనుషులు వాటికి అక్కర్లేదు.

ఇంతకుముందు మా సంఘం ఆఫీసుకు జనం వచ్చేది పిల్లల ఫీజు కోసమో, పెళ్లికి హాలు కోసమో. ఈమధ్య వచ్చేవాళ్లలో నలభై ఎనిమిదేళ్లవాళ్లు, యాభై రెండేళ్లవాళ్లు ఎక్కువయ్యారు. కుర్చీలో కూర్చోకుండానే అడుగుతారు, "అన్నా, ఏదన్న పని ఉంటే చూడున్రి" అని. ఆదివారం ఉదయం ఇలాంటివారి కోసమే కూర్చోవడం మొదలుపెట్టాం. ఏ పథకం ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో ఆ కూర్చోవడంలో మాకు తెలిసివచ్చినంత మేరకు ఇక్కడ రాస్తున్నాం. వయసు మీరిన కార్మికుడికి శిక్షణ అనగానే అందరికీ కంప్యూటర్ క్లాసు గుర్తొస్తుంది. మా అనుభవం వేరు. ఈ వయసులో కావలసింది చాలావరకు కొత్త విద్య కాదు. ముప్పై ఏళ్లుగా చేతిలో ఉన్న పనికి ఒక కాగితం, ఆ పనికి పక్కనే ఉన్న ఇంకో పని, ఆ పనిలో పీఎఫ్, ఈఎస్‌ఐ ఉంటే చాలు.

వయసు అడిగే గడి

దరఖాస్తు ఫారంలో అన్నిటికన్నా ముందు చూడవలసింది వయసు గడి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో కొత్తగా పని నేర్పే స్వల్పకాలిక శిక్షణకు 15 నుంచి 45 ఏళ్లవరకే చేర్చుకుంటారు. చదువు తక్కువున్నవారి కోసం నడిచే జన శిక్షణ్ సంస్థాన్‌లకూ 15 నుంచి 45 ఏళ్లే. పెన్షన్ వైపు చూస్తే, అసంఘటిత కార్మికుల శ్రమయోగి మాన్‌ధన్‌లో గానీ అటల్ పెన్షన్‌లో గానీ చేరడానికి 40 దాటకూడదు. వృద్ధుల పథకాలు 60 నిండితే తప్ప మొదలుకావు. ఉద్యోగం చేయగల పెద్దవారి కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2021లో తెరిచిన సేక్రెడ్ పోర్టల్ కూడా అరవై దాటినవారికే.

అంటే 45కీ 60కీ మధ్య పదిహేనేళ్లపాటు మనిషి అటూ కాడు, ఇటూ కాడు. సరిగ్గా అప్పుడే కూతురి పెళ్లి, కొడుకు చదువు, ముసలి తల్లిదండ్రుల మందులు మీదపడతాయి. కార్ఖానాలో రాత్రి పాళీ తట్టుకోలేక మానేసేదీ ఈ వయసులోనే. పథకాలు రాసేవాళ్లకు ఈ సంగతి తెలియదనుకోం. కానీ ఎక్కువ డబ్బు యువకుల గడిలోకే పోతోంది.

ఈ పదిహేనేళ్లవారికి తెరిచి ఉన్న తలుపులు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది అదే కౌశల్ వికాస్ యోజనలోని ఇంకో భాగం. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. ఇంతకుముందే పని వచ్చినవాడి చేతిని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం దాని ఉద్దేశం. దీనికి 18 నుంచి 59 ఏళ్లవరకు అర్హులే. కొద్ది గంటల పరిచయ తరగతులు, భద్రత గురించి నాలుగు మాటలు, ఆపైన పరీక్ష. పవర్‌లూమ్ ఆపరేటర్, బట్టను పరీక్షించే ఫ్యాబ్రిక్ చెకర్, కుట్టుమిషన్ ఆపరేటర్ వంటివి ఈ జాబితాలో ఉంటాయి.

ఆ కాగితంతో ఏమొస్తుందని చాలామంది అడుగుతారు. గల్లీలోని కార్ఖానాదారుకు దాంతో పనిలేదు, ఆయనకు మన చెయ్యి తెలుసు. ఊరి బయట ఎంఐడీసీలోని పెద్ద యూనిట్‌లో మాత్రం మనిషిని పనిలోకి తీసుకునేవాడు ఆఫీసులో కూర్చున్న యువకుడు. ఆయనకు మన చెయ్యి తెలియదు, కాగితమే తెలుసు. టవల్ మీద లూపు లాగేసినా, పోగు తప్పినా వెలుతురుకు పట్టి చూడకుండానే చేతితో నిమిరి చెప్పగల మనిషి ముప్పై ఏళ్ల నేతగాడు. అలాంటివాణ్ణి చెకింగ్ బల్ల దగ్గర నిలబెట్టడం యూనిట్‌కే లాభం. ఆ మాట అక్కడికి వెళ్లి చెప్పవలసింది మనమే. నేతగాడు తనంతట తాను చెప్పుకోడు.

నేత నుంచి పక్క పనుల్లోకి

మగ్గం దిగిన మనిషి ఎటు వెళ్లగలడు? మాకు కనిపించినంతలో చెకింగ్, ఫోల్డింగ్, ప్యాకింగ్ అందుబాటులో ఉన్న పనులు. స్టోర్‌లో నూలు లెక్క చూసే పని ఇంకా మేలు, కానీ అక్కడ మరాఠీలోనో ఇంగ్లీషులోనో రాయడం రావాలి. జాబర్‌గా, అంటే మగ్గాలు సరిచేసే మేస్త్రీగా పనిచేసినవారికి రేపియర్ మగ్గాల మీద కొత్త శిక్షణ ఇప్పిస్తే తొందరగా అందుకుంటారు. జకార్డ్‌లో డిజైన్ ఇప్పుడు పంచ్ చేసిన అట్టల మీద కాక పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. అయినా పోగు ఎందుకు తెగుతోందో కనిపెట్టే బుర్ర పాతదే.

ఇంకో దారి కుట్టుపని. సోలాపూర్‌లో స్కూలు యూనిఫారాల కుట్టు పెద్ద వ్యాపారంగా ఎదిగింది. బీడీలు చేసిన ఆడవాళ్లలో చాలామందికి మిషన్ తొక్కడం కొంతైనా వచ్చు. ఇక్కడ పీఎం విశ్వకర్మ పథకం పనికొస్తుంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకానికి పైవయసు పరిమితి లేదు, 18 నిండితే చాలు. పద్దెనిమిది వృత్తుల జాబితాలో దర్జీ పని ఉంది, వడ్రంగం, తాపీపని, చాకలిపని, మంగలిపని, పూలమాలలు కట్టడం, చేపల వలలు అల్లడం ఉన్నాయి. నేత మాత్రం లేదు. చేనేతకు వేరే శాఖ, వేరే పథకాలు ఉన్నాయి కాబట్టి అన్న వివరణ ఉండవచ్చు. మరమగ్గం మీద కూలికి నేసిన మన మనిషి అక్కడా కనిపించడు, ఇక్కడా కనిపించడు. ఇది మాకు నచ్చని సంగతి.

విశ్వకర్మలో చేరితే ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్ల కోసం 15,000 రూపాయల వోచర్ ఇస్తారు. ఆపైన కావాలంటే ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల వరకు అప్పు. ఇంటికొకరికే అవకాశం. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదు. సొంతంగా పని చేసుకునేవారికే తప్ప, ఫ్యాక్టరీలో నెలజీతానికి కుట్టేవారికి కాదు. పేరు నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో జరుగుతుంది, తర్వాత మున్సిపాలిటీ, జిల్లా కమిటీల పరిశీలన ఉంటుంది. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

అప్పు గురించి మా అభిప్రాయం ఒకటి చెప్పాలి. యాభై ఏళ్లు దాటి, జీవితమంతా కూలికి పనిచేసిన మనిషిని వ్యాపారం పెట్టమని, పెద్ద అప్పు తీసుకోమని తోయడం మంచిది కాదు. మిషన్, పనిముట్లు వచ్చేంతవరకు తీసుకోండి. మొదటి లక్షే పూర్తిగా వాడకపోయినా నష్టం లేదు.

ఇక సెక్యూరిటీ గార్డు పని. ఎవర్ని అడిగినా ముందు చెప్పేది ఇదే. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం గార్డుగా 65 ఏళ్లు నిండేదాకా తీసుకోవచ్చు, కాబట్టి వయసు అడ్డురాదు. తరగతిలో 100 గంటలు, బయట 60 గంటలు శిక్షణ ఇవ్వాలని కూడా నియమం ఉంది. శిక్షణ లేకుండానే యూనిఫారం తొడిగి గేటు దగ్గర నిలబెట్టే ఏజెన్సీ ఉంటే, అక్కడ పీఎఫ్ కూడా ఉండదని అనుకోవచ్చు. పన్నెండు గంటల డ్యూటీని, రాత్రిళ్లను తలుచుకుంటే మేము దీన్ని ఆఖరి దారిగానే చెబుతాం. అదీగాక మగ్గాల హోరులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి చెవులు సరిగా వినపడవు. రాత్రి గేటు దగ్గర చెవే ముఖ్యం.

చెవి మాట వచ్చింది కాబట్టి కంటి మాట కూడా. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. కుట్టు నేర్చుకోవడానికి వెళ్లిన అక్కలు వారం తిరక్కుండా మానేస్తుంటే, పని రాక మానేస్తున్నారని టీచర్లు అనుకుంటారు. సూదిలో దారం ఎక్కక, ఆ సంగతి చిన్నపిల్లల ముందు చెప్పుకోలేక మానేస్తారు. అందుకే శిక్షణకు పంపే ముందు కళ్లు చూపించి అద్దాలు ఇప్పించడం మా సంఘం పెట్టుకున్న మొదటి పని. దానికయ్యే ఖర్చు ఎంతో కాదు.

పేరులో వచ్చే చిక్కు

ఇది పాత గుమాస్తాల చాదస్తం అనుకున్నా సరే, కొంచెం వివరంగా రాస్తాం. బయట రాష్ట్రాల తెలుగువాళ్లకు ఉద్యోగం, పీఎఫ్, పథకం అన్నీ ఆగేది ఇక్కడే.

మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. మహారాష్ట్ర బడిలో పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, ఇంటిపేరు చివర. ఆడవాళ్లకు పెళ్లయ్యాక తండ్రి పేరు పోయి భర్త పేరు, కొత్త ఇంటిపేరు వస్తాయి. బీడీ కంపెనీ రిజిస్టరులో గుమాస్తా మర్యాదగా 'బాయి' చేర్చి లక్ష్మీబాయి అని రాసి ఉంటాడు, ఆధార్‌లో ఉత్త లక్ష్మి. నర్సయ్య అనే పేరును మరాఠీ నుంచి ఇంగ్లీషులోకి మార్చినవాడు చివర రెండు వైలు పెడతాడు, తెలంగాణలో చదివినవాడు ఐ, ఏ, హెచ్ పెడతాడు. మనకు ఒక్క మనిషే. కంప్యూటర్‌కు ఇద్దరు. పీఎఫ్ క్లెయిమ్ తిరిగి వచ్చేస్తుంది.

పుట్టిన తేదీ సంగతి సరేసరి. బడికి వెళ్లనివారికి ఆధార్‌లో జనవరి 1 అని వేసి ఉంటారు, పీఎఫ్‌లో ఇంకో ఏడాది ఉంటుంది. పీఎఫ్‌లో పేరు, తేదీ సరిచేయడానికి జాయింట్ డిక్లరేషన్ అనే ఫారం ఉంది. పాత ఖాతాలకు దానిమీద యజమాని ఆమోదం అడుగుతారు. కార్ఖానా నడుస్తున్నప్పుడు రెండు నిమిషాల పని, మూతపడ్డాక ఎన్ని గడపలు ఎక్కాలో చెప్పలేం. కాబట్టి ఇప్పుడు పనిలో ఉన్నవారు, పని బాగానే ఉన్నవారు కూడా, తమ పీఎఫ్ పేరు ఆధార్‌తో కలుస్తుందో లేదో ఈ నెలలోనే చూసుకోవాలి.

పదేళ్ల లెక్క

స్థిరమైన ఉద్యోగం అంటే ఎంత జీతం అని కాక, పీఎఫ్ ఉందా అని మేము ఎందుకు అడుగుతామో చెబుతాం. బీడీ చేసిన ఆడవాళ్లలో చాలామందికి పీఎఫ్ ఉంటుంది. పీఎఫ్‌తో పాటు 1995 నాటి పెన్షన్ పథకం కూడా నడుస్తుంది. దానిలో పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్. కనీసం వెయ్యి రూపాయలు అని 2014లో నిర్ణయించారు. పదేళ్లు నిండకపోతే పెన్షన్ లేదు, కొంత మొత్తం చేతికిచ్చి పంపుతారు.

ఏడేళ్ల సర్వీసుతో బీడీ పని మానేసిన యాభై రెండేళ్ల ఆడమనిషిని అనుకుందాం. ఆమెకు ముందు తట్టే ఆలోచన, ఉన్నది తీసుకుని కూతురి పెళ్లికి వాడేద్దామని. పీఎఫ్ సొమ్ము తీసుకోవడం వేరు, పెన్షన్ వాటా తీసుకోవడం వేరు. పెన్షన్ వాటా తీసుకునే 10సి ఫారంతోనే, డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ కూడా తీసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్‌లో ఏడేళ్లూ భద్రంగా ఉంటాయి. ఆ తర్వాత పీఎఫ్ ఉన్న ఏ పనిలోనైనా, ప్యాకింగ్ అయినా, హాస్పిటల్‌లో ఊడ్చే పని అయినా, మూడేళ్లు చేస్తే పది నిండుతాయి. మధ్యలో ఖాళీ ఉన్నా ఫర్వాలేదు. లెక్క ఇది: చివరి అరవై నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించాలి. సగటు 10,500 ఉంటే, పదేళ్లకు నెలకు 1,500 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. కానీ బతికున్నంతకాలం వస్తుంది, ఆమె తర్వాత అర్హత ఉన్న కుటుంబసభ్యులకు కూడా కొంత వస్తుంది. 58 దాటితే ఈ పెన్షన్‌లో కొత్తగా జమ ఉండదు కాబట్టి, యాభై ఆరేళ్లకు నిద్రలేస్తే ఈ మూడేళ్లు దొరకవు.

అందుకే నెలకు వెయ్యి తక్కువైనా పీఎఫ్ ఉన్న పనే తీసుకోమని మేము పట్టుబడతాం. ఈ విషయంలో ఇళ్లలో గొడవలు అవుతాయి, మా మీద కోపాలూ వస్తాయి. ఇరవైమందీ అంతకు మించీ ఉన్న చోట పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. ఒకే కప్పు కింద నాలుగు పేర్లతో నాలుగు సంస్థలు నడుస్తుంటే ఎందుకో మన వాళ్లకు చెప్పనక్కర్లేదు. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ కూడా అడగాలి. మన వాటా ముప్పావు శాతమే. ఈఎస్‌ఐలో ఉన్నవారికి ఉద్యోగం పోతే కొన్ని షరతులతో కొంతకాలం భత్యం ఇస్తారు. రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద వృత్తి శిక్షణ ఫీజు కూడా వాళ్లే భరించే ఏర్పాటు ఉంది. మూతపడిన బట్టల మిల్లుల కార్మికులకు 1986 నుంచి నడిచిన పునరావాస నిధి మొదటి ఏడాది జీతంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25 ఇచ్చేది. దాన్ని తర్వాత ఈ యోజనలోనే కలిపేశారు.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ఇంకో మాట ఉంది. రిట్రెంచ్ చేసిన కార్మికుడికి యజమాని పదిహేను రోజుల జీతానికి సమానమైన సొమ్మును రీస్కిల్లింగ్ నిధికి కట్టాలి, అది 45 రోజుల్లోగా కార్మికుడి ఖాతాలో పడాలి. ఇది నష్టపరిహారానికి అదనం. రిజిస్టరులో పేరు, హాజరు ఉన్నవారికే ఇవన్నీ దక్కుతాయి. చిట్టీ మీద లెక్క రాసుకుని వారం వారం కూలి తీసుకున్నవారు ఏం చూపిస్తారు? కనీసం కూలి బ్యాంకు ఖాతాలోనే వేయమని అడగండి, పాస్‌బుక్ సాక్ష్యంగా ఉంటుంది.

సంఘం చేయగలిగింది

ప్రభుత్వ శిక్షణ మరాఠీలోనో హిందీలోనో జరుగుతుంది. బజారులో మరాఠీ గడగడా మాట్లాడే అక్కలు పరీక్షకుడి ముందు మౌనంగా ఉండిపోతారు. ఆర్‌పీఎల్ పరీక్షకు మన పిల్లల్లో ఒకరిని తోడు పంపడం, ప్రశ్నను తెలుగులో చెప్పడానికి ముందే అనుమతి తీసుకోవడం సంఘం చేయగలిగిన పని. బస్సు సంగతి కూడా చూడాలి. కుంభారి దగ్గర బీడీ కార్మికుల కోసం వచ్చిన పదివేల ఇళ్ల కాలనీ, ఆ తర్వాత 2024 జనవరిలో అందజేసిన రే నగర్‌లోని పదిహేను వేల ఇళ్లు మన వాళ్లకు పెద్ద ఆసరా. కానీ అక్కడి నుంచి పని చోటుకు రానూపోనూ ఛార్జీలు, సమయం లెక్కవేయకుండా ఉద్యోగం కుదిరిస్తే రెండో నెలలో మానేస్తారు. ఉద్యోగం ఇప్పించి చేతులు దులుపుకోకుండా మొదటి మూడు నెలలు ఫోన్ చేసి అడగాలి. మానేసేవాళ్లు ఎక్కువగా ఆ లోపలే మానేస్తారు. కారణం చాలాసార్లు పని కాదు, పాతికేళ్ల సూపర్‌వైజర్ ఏకవచనంతో పిలవడం.

మిగతా ఊళ్ల పాఠకులకు ఈ లెక్కలే చాలావరకు వర్తిస్తాయి. 2001లో గని మూతపడ్డ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, 2012 తర్వాత సిరామిక్ ఫ్యాక్టరీ ఆగిపోయిన యానాంలో మన వాళ్లు ఇదే వయసులో ఇదే ప్రశ్న ఎదుర్కొన్నారు. పీఎఫ్, ఈఎస్‌ఐ, ఆర్‌పీఎల్ కేంద్రానివి కాబట్టి ఎక్కడైనా ఒకటే. తమిళనాడులో 1982 చట్టం కింద ఏర్పడిన అసంఘటిత కార్మికుల సంక్షేమ బోర్డులు అదనం. కట్టడం పనుల్లో ఉన్నవారు ఏ రాష్ట్రంలోనైనా, ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే, 60 నిండకముందే నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు రాయించుకోవాలి. ఈ-శ్రమ్ కార్డు 59 ఏళ్లవరకు ఉచితం.

మా దగ్గరికి వచ్చేవారు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, బీడీ కార్డు లేదా పాత పే స్లిప్ ఏదున్నా తీసుకురండి. పీఎఫ్ నంబరు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, వెతకవచ్చు. ఆధార్‌కు కలిపిన మొబైల్ ఎవరి దగ్గర ఉందో మాత్రం ఇంట్లో అడిగి, ఆ ఫోన్ వెంట పట్టుకురండి. చాలాసార్లు అది పుణేలో ఉన్న కొడుకు దగ్గర ఉంటుంది, ఓటీపీ ఆయనకు వెళ్తుంది, ఆదివారం ఉదయం ఆయన నిద్ర లేవడు.